హయాత్ కారుకు అలకలెక్కువ

హయాత్ నోట ‘పోయింది’ అనే మాట ఇంతవరకూ ఎవరూ వినలేదు. ఆయన ప్రపంచంలో ఏ వస్తువూ పోదు. అలుగుతుంది, అంతే.

నల్లపాడులో సాయంత్రం పూట కరెంటు తీసేస్తే వీధి వీధంతా "కరెంటు పోయింది" అంటుంది. హయాత్ ఒక్కడూ వాకిట్లో కుర్చీ వేసుకుని, "అలిగింది. వస్తుంది" అంటాడు. వాళ్ళింట్లో గోడ గడియారం పదకొండేళ్ళుగా నాలుగూ ఇరవై దగ్గర అలిగి ఉంది. చెప్పు తెగినా అలకే, పన్ను ఊడినా అలకే. ఎవరైనా చనిపోయారని ఫోనొస్తే, స్వయంగా వెళ్ళి ఒకటికి రెండుసార్లు చూసిగాని ఒప్పుకోడని ఆయన భార్య రసూల్‌బీ చెబుతుంది.

ఈ గుణం వృత్తిలోంచి వచ్చింది. గుంటూరు బ్రాడీపేటలో హయాత్‌ది పరుపుల షాపు. తాత విల్లుతో దూది ఏకాడు, తండ్రీ విల్లుతోనే ఏకాడు, ఈయన మిషన్ మీద ఏకుతాడు. ఇరవై ఏళ్ళు మనుషుల బరువు మోసి బండరాయిలా గట్టిపడ్డ పరుపును రిక్షా మీద వేసుకొచ్చి, "ఇక పారెయ్యడమే కదండీ" అంటారు జనం. హయాత్ దాని కడుపు విప్పి, దూది బయటికి లాగి, ఎండబెట్టి ఏకుతాడు. మర్నాటికి అది మూరెడు ఎత్తు లేచి కూర్చుంటుంది.

"చూశారా? పోలేదు. ఇంటిల్లిపాదీ మీద పడుకుంటే అలిగింది" అంటాడు.

ఇదంతా తెలిసినవాడు, తెలిసి తెలిసి విసిగిపోయినవాడు ఎలీషా. హయాత్ ఇంటి పక్కనే ఆయన మెకానిక్ షెడ్డు. ముప్పై ఏళ్ళ ఇరుగుపొరుగు. పోయినదాన్ని పోయిందని చెప్పడమే మెకానిక్ ధర్మమని ఎలీషా నమ్మకం. బానెట్ ఎత్తి ఒక్క చూపు చూసి ఆయన "పోయింది" అన్నాడంటే, నల్లపాడు నుంచి నరసరావుపేట దాకా ఆ మాటకు అప్పీలు లేదు.

కిందటి వేసవిలో ఆయన ఆ మాట తన కుడిచేతి గురించి కూడా అన్నాడు.

చిన్నపాటి పక్షవాతం. కాలూ, మాటా నెల తిరక్కుండానే దారికొచ్చాయి. కుడిచేతి వేళ్ళే సగంలో ఆగిపోయాయి. బొటనవేలు కొంచెం నయం. ఉంగరం వేలు, చిటికెన వేలు అసలు ముడుచుకోవు. బ్రాడీపేట క్లినిక్కులో ఫిజియోథెరపీ చేసే అమ్మాయి ఎర్ర రబ్బరు బంతి ఒకటి చేతిలో పెట్టి, రోజుకు మూడు వందలసార్లు పిసకమంది.

"లారీ ఇంజన్లు దించిన చెయ్యి. ఇప్పుడు బంతులు పిసకాలా?" అన్నాడు ఎలీషా. మూడో రోజున షెడ్డులో ఎదురుగా కూర్చున్న హయాత్, "పోలేదురా, అలిగిందంతే" అన్నాడు. ఎలీషాకు ఒళ్ళు మండింది. బంతిని ఎడమచేత్తో తీసుకుని ఆయన మీదికి విసిరికొట్టాడు. అది హయాత్‌కు గజం దూరంలోంచి పోయి పాత టైర్ల వెనక పడింది. ఆ రోజే ఎలీషా షెడ్డు షట్టరు సగానికి దించేశాడు. లోపల ఊపిరాడే వీలుంటే కింది సగమూ మూసేవాడే. లోపల కూర్చుని, వచ్చిన బండినల్లా వెనక్కి పంపడం మొదలుపెట్టాడు.

అక్టోబరులో ఒకరోజు ఆ షట్టరు ముందు ఏదో దగ్గుతూ వచ్చి ఆగింది.

ఎలీషా వంగి చూశాడు. చిన్న కారు. ఒకప్పుడు ఎర్రగా ఉండేదట. ఇప్పుడు మిరప కల్లంలో ఏరి పక్కన పారేసే తాలుకాయ రంగుకు తిరిగింది. డ్రైవరు సీట్లోంచి హయాత్ దిగాడు. దిగి, తలుపు మూయబోతే అది మూసుకోలేదు. తుంటితో ఒక్క పోటు పొడిచాడు.

"ఎవరిదిరా ఇది?"

"నాదే. వేటపాలెంలో జీడిపప్పు వ్యాపారి దగ్గర తీసుకున్నా."

"ఎంతకి?"

"ఇరవై పరుపులకి. ఆయనకి చీరాలలో లాడ్జి ఉందిలే."

ఎలీషా చుట్టూ తిరిగి చూశాడు. లోపలికి తొంగి చూస్తే మీటరు రెండు లక్షల నలభై ఒక్క వేల కిలోమీటర్లు చూపించింది. హారన్ నొక్కితే వైపరు ఊగింది.

"క్లచ్ పోయింది."

"అలిగింది."

"బ్రేక్ లైనర్లు పోయాయి."

"అలిగాయి."

"సైలెన్సరు పోయింది. వైరింగ్ పోయింది. ముందు బుష్‌లు పోయాయి."

"అన్నీ అలిగాయిరా."

"ఒకేసారి ఇన్ని అలకలా? ఇది కారా, మగపెళ్ళివారా?"

"మర్యాదలు చెయ్యి మరి. రేపటి నుంచి రోజూ నేను షాపుకి దీన్లోనే పోవాలి."

"స్కూటరుంది కదా!"

"దానికి రెండే చక్రాలు" అన్నాడు హయాత్, ఆ సంగతి ఆ పూటే కనిపెట్టినవాడిలా.

తిట్టుకుంటూనే ఎలీషా ఎడమచేత్తో పానా తీశాడు. హయాత్ అడ్డం వచ్చాడు.

"ఆగాగు. ఎడంచెయ్యి వెయ్యకు. కొత్తగా కొన్న బండి."

"కొత్తదా ఇది?"

"నాకు కొత్తదే. శుభమా అని తెచ్చుకున్నా. ఈ కారుకి ఎడంచెయ్యి తగిలితే ఒప్పుకోను."

"ఈ పట్టింపు నీకెప్పటినుంచిరా?"

"కారు కొన్నప్పటినుంచి."

"నా కుడిచెయ్యి పోయిందని నీకు తెలియదా?"

హయాత్ నోరు తెరిచాడు. ఎలీషా చూపు చూసి మూసుకున్నాడు. "సరే, నువ్వు చెబుతుండు. నేను విప్పుతా" అని పానా అందుకున్నాడు.

దూది ఏకే చేతికి నట్టు విప్పడం ఏం తెలుస్తుంది? పద్నాలుగు నంబరు నట్టుకు పదిహేను నంబరు పానా తగిలించాడు. విప్పాల్సినవైపు కాక బిగించేవైపు తిప్పాడు. నట్టు కీచుమంది. దాని మూలలన్నీ అరిగి గోళీకాయలా గుండ్రంగా తయారైంది. ముప్పై ఏళ్ళలో తన షెడ్డులో ఒక నట్టుకు ఇంత అవమానం జరగడం ఎలీషా చూడలేదు.

"వదల్రా! చంపుతావా దాన్ని?" అంటూ పానా లాక్కున్నాడు. లాక్కున్నది కుడిచేత్తో. అది మూడుసార్లు జారి కిందపడింది. పడ్డప్పుడల్లా ఎలీషా కారునూ, హయాత్‌నూ, వేటపాలెంలోని జీడిపప్పు వ్యాపారులందరినీ పేరుపేరునా తిట్టాడు. నాలుగోసారి పానా నిలిచింది.

ఆ రోజు ఒక్క నట్టు ఊడింది. రెండున్నర గంటలు పట్టింది.

అప్పటినుంచి అదొక దినచర్య అయింది. పొద్దున తొమ్మిదింటికి హయాత్ కారు బయటికి తీస్తాడు. స్టీరింగును గేదె కొమ్ముల్లా రెండు చేతులా పట్టుకుని, గంటకు ముప్పై కిలోమీటర్ల వేగం దాటకుండా బ్రాడీపేటకు బయలుదేరతాడు. ఆటోలు దాటిపోతాయి. పత్తి బోరాలు నెత్తిన పెట్టుకున్న ట్రాక్టర్లు దాటిపోతాయి. ఒకసారి సైకిలు మీద ఇడ్లీలమ్మే ఆయన దాటిపోతూ, "ఏమన్నా సాయం కావాలా సాయిబుగారూ?" అని అడిగాడు.

"స్క్రాప్‌కి ఇచ్చెయ్యండి" అని చెప్పనివాడు ఆ వీధిలో లేడు. "ముందు మీ పరుపులన్నీ స్క్రాప్‌కి వెయ్యండి, తర్వాత చూద్దాం" అని హయాత్ తిప్పికొట్టేవాడు.

సాయంత్రం ఆరింటికి తిరిగొచ్చేటప్పటికి ఏదో ఒక కొత్త ఫిర్యాదు ఉండేది.

"ఎలీషా, ఎడమ చక్రం దగ్గర ఎవరో ముసలాయన దగ్గుతున్నాడు."

మర్నాడు: "మూడో గేరు వేస్తే అత్తగారు మూలిగినట్టుందిరా."

ఆ మర్నాడు: "ఇవాళ ఏ చప్పుడూ లేదు. నాకు భయంగా ఉంది."

ఎలీషా కస్సుమంటూనే కింద గోనెపట్టా పరుచుకుని కారు కిందికి దూరేవాడు. ఎడమచెయ్యి ముందుకొస్తే చాలు, పైనుంచి "శుభం, శుభం" అని హెచ్చరిక వినిపించేది. లైనర్లు మారాయి. క్లచ్ ప్లేటు మారింది. సైలెన్సరుకు అతుకు పడింది. జారిపడ్డ చిన్న స్క్రూను నేల మీదనుంచి ఏరుకోవడానికి మొదట్లో కాళ్ళు చాపుకుని పావుగంట కూర్చోవలసివచ్చేది. ఎప్పుడు మొదలైందో గాని, షట్టరు సగం నుంచి ముప్పాతికకు లేచింది.

కారు ముందు అద్దం దగ్గర ఎప్పుడూ ఒక నిమ్మకాయ దొర్లుతుండేది.

"ఏరా, దిష్టికా? రసూల్‌బీ చూసిందంటే నీకు పెడుతుంది దిష్టి" అని ఎలీషా నవ్వాడు.

"ఉండనీ లేరా" అన్నాడు హయాత్. వారం వారం నిమ్మకాయ మాత్రం మారేది.

డిసెంబరులో ఎలీషా కూతురు ఆరాధన వచ్చింది. గుంటూరులోనే బ్యాంకులో పనిచేస్తుంది. "నాన్నా, షెడ్డు అద్దెకిస్తారా అని టిఫిన్ సెంటర్ పెట్టేవాళ్ళు అడుగుతున్నారు. నువ్వెలాగూ పని మానేశావు కదా" అంది.

ఎలీషా కారు కిందనుంచి తల బయటపెట్టాడు. మొహమంతా గ్రీజు. "మానేశాను" అన్నాడు.

"మరి ఇదేంటి?"

"ఇది పని కాదమ్మా. శిక్ష."

ఆరాధన హయాత్ వైపు తిరిగింది. "బాబాయ్, నువ్వన్నా చెప్పు. ఈ కారు ఎన్నాళ్ళు నడుస్తుంది? జనవరికి దీనికి పదిహేనేళ్ళు నిండుతున్నాయి. ఎఫ్‌సీ కావాలి. బ్రేక్ ఇన్‌స్పెక్టరు చూసి పాస్ చెయ్యకపోతే రోడ్డెక్కకూడదు."

"చేస్తారమ్మా."

"చెయ్యరు" అన్నాడు ఎలీషా. చెబుతుంటే పౌరుషం వచ్చింది. లేచి నిలబడ్డాడు. "రాసి పెట్టుకో ఆరాధనా. ఈ కారు ఫెయిలైన రోజు షెడ్డు తాళంచెవి తెచ్చి నీ చేతిలో పెడతా. ఇడ్లీలు వేసుకుంటారో దోసెలు వేసుకుంటారో వేసుకోమను."

"పాసైతే?" అడిగాడు హయాత్.

ఎలీషా గోనెపట్టా సర్దుకున్నాడు. మళ్ళీ కారు కిందికి దూరాడు. ఆ తర్వాతి మూడు వారాల్లో, ఫెయిలవుతుందని పందెం కాసిన మనిషి బ్రేకులను నాలుగుసార్లు విప్పి బిగించాడు.

అన్నీ కుదిరాయి గాని, ఎలుకలు కుదరనివ్వలేదు. జీడిపప్పు వ్యాపారి కారు కదా, సీట్ల సందుల్లో పదిహేనేళ్ళ పప్పు పలుకులున్నాయి. వాటికోసం వచ్చిన ఎలుకలు, భోజనం అయ్యాక వైర్లు కొరికి నోరు శుభ్రం చేసుకునేవి. రెండుసార్లు కొత్త వైర్లు వేశాడు ఎలీషా. పరీక్షకు ముందురోజు పొద్దున మూడోసారి వేసి, "ఇవాళ గనక ఒక్క ఎలుక వచ్చిందో, నిన్ను కొరుకుతాను" అని హయాత్‌కు చెప్పాడు.

హయాత్ "నేను చూసుకుంటాలే" అన్నాడు. చూసుకున్నాడు కూడా. దిండు గలీబు ఒకటి తీసుకుని, మిరప యార్డులో అర్ధకిలో తేజ కాయలు కొని, చేత్తో బాగా నలిపి అందులో పోశాడు. మూట కట్టి, బానెట్ ఎత్తి, అద్దం కింద, గాలి కారులోకి పోయే జాలీ పక్కన భద్రంగా ఇరికించాడు. ఏ ఎలుకా రాలేదు. ఈ సంగతి ఎలీషాకు చెప్పాలని ఆయనకు తోచలేదు.

మర్నాడు పొద్దున్నే మంచు. ఇద్దరూ బయలుదేరారు. దారిలో ఎలీషా ముక్కు ఎగబీల్చాడు.

"ఎవరింట్లోనో పోపు మాడుతోంది."

"అవును" అన్నాడు హయాత్. మూడు కిలోమీటర్లు పోయాక కూడా ఆ పోపే మాడుతోంది.

ఆర్టీఓ ఆఫీసు ఆవరణలో ఇరవై బళ్ళున్నాయి. ఇన్‌స్పెక్టరు మాధవీలత గారు నవ్వే రకం కాదు. లైట్లు చూసింది. ఇండికేటర్లు చూసింది. హారన్ నొక్కమంది, హారనే మోగింది. వైపరు వెయ్యమంది, వైపరే ఊగింది. ఎలీషా ఊపిరి పీల్చుకోవడం మరిచిపోయి చూస్తున్నాడు. "నడపండి, నేను కూర్చుంటాను" అంటూ ఆవిడ ముందు సీట్లో కూర్చుంది. ఎలీషా వెనక ఎక్కాడు. ఆవరణ చుట్టూ ఒక రౌండు కొట్టారు. బ్రేకు కొట్టమంటే కారు గీత మీద ఆగింది.

"పర్లేదే" అంది మాధవీలత గారు. ముగ్గురి ఊపిరికీ అద్దం మసకబారింది. "ఏం కనబడటంలేదు. ఫ్యాన్ వెయ్యరేమండీ?" అని తనే చెయ్యి చాపి, మీట ఆఖరుదాకా తిప్పేసింది.

ఎనిమిది కిలోమీటర్ల ఇంజను వేడికి దోరగా వేగిన అర్ధకిలో తేజ కాయల ఘాటు, పదిహేనేళ్ళ ఫ్యాను తన యావచ్ఛక్తితో ఊదగా, ముగ్గురి మొహాల మీదా ఒకేసారి కొట్టింది.

మాధవీలత గారు మొదటి తుమ్ముకు తలుపు తీసింది, రెండో తుమ్ముకు బయట ఉంది. ఎలీషా కళ్ళు మూసుకుని కిటికీలోంచి తల బయటపెట్టాడు. హయాత్ హ్యాండ్‌బ్రేకు లాగి, ఇంజను ఆపి, దూకాడు. చుట్టూ ఉన్న ఆటోవాళ్ళు ఏం జరిగిందో తెలియకుండానే తుమ్మడం మొదలుపెట్టారు. ఈ గొడవలో కారు తనంతట తాను కదిలింది. ఎలీషాను వెనక సీట్లో మోసుకుంటూ, నేల కొంచెం వాలుగా ఉన్నవైపు నింపాదిగా నాలుగడుగులు నడిచి, గోడ పక్కన రాయిని ఆనుకుని ఆగింది.

"ఏం పెట్టారందులో?" అంది మాధవీలత గారు కళ్ళు తుడుచుకుంటూ.

"ఎలుకల... హాచ్... మందు మేడం. మన... హాచ్... ఊరిదే."

ఆవిడ కాగితం మీద పెన్ను పెట్టింది. "మందు సంగతి వదిలెయ్యండి. బండి జారింది. హ్యాండ్‌బ్రేకు పోయింది. ఇది పాస్ చెయ్యను."

ఎలీషా కారు దిగి వచ్చాడు. హయాత్ వైపు చూశాడు. ఇప్పుడు ఆ మాట వస్తుంది. ముప్పై ఏళ్ళుగా వద్దన్నా వస్తున్న మాట. హయాత్ నోరు తెరిచాడు.

"పో..." తుమ్ము. "పోలే..." మళ్ళీ తుమ్ము. తలపాగా తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని, ఇక నావల్ల కాదన్నట్టు చెయ్యి ఊపాడు.

పెన్ను కాగితం మీద కదలబోతోంది.

"పోలేదు మేడం" అన్నాడు ఎలీషా. గొంతు గట్టిగానే వచ్చింది. "అలిగింది."

"ఏంటి?"

"ఏ బండిలో ఏది పోయిందో, ఏది పోలేదో చెప్పడం ముప్పై ఏళ్ళుగా నా పని. దాని కేబులు మొన్ననే కొత్తది వేశా. ఇంకా సాగుతోంది, అంతే. పది నిమిషాలివ్వండి. అప్పటికీ జారితే మీరు రాయక్కర్లేదు, నేనే రాస్తా."

మాధవీలత గారు ఆయనను ఎగాదిగా చూసింది. "మిగతా బళ్ళు చూసొస్తా. ఈలోగా నా కళ్ళ మంట కూడా తగ్గాలి" అని వెళ్ళింది.

హ్యాండ్‌బ్రేకు నట్టు రెండు సీట్ల మధ్య, ప్లాస్టిక్ మూత కింద ఉంటుంది. ఎడమచేత్తో రాడ్డు తిరగకుండా పట్టుకోవాలి. కుడిచేత్తో నట్టు బిగించాలి. ఒంటిచేత్తో అయ్యే పని కాదు. హయాత్ సాయం చేసే స్థితిలో లేడు, గోడ పక్కన నిలబడి మొహం కడుక్కుంటున్నాడు. ఎలీషా ఒంగాడు. మూత స్క్రూ జారి కాళ్ళ కింది మ్యాట్ మీద పడితే, చూడకుండానే ఏరి జేబులో వేసుకున్నాడు. పది నంబరు పానా తగిలించాడు. ఒక తిప్పు. రెండు. మూడు. నాలుగో తిప్పుకు ఎందుకో తన చేతివైపు చూసుకున్నాడు.

పానాను అయిదు వేళ్ళూ పట్టుకుని ఉన్నాయి. చిటికెన వేలు కూడా, ఏమీ ఎరగనట్టు.

ఎలీషా అయిదో తిప్పు తిప్పాడు.

వాలులో పెట్టి, నలుగురు ఆటోవాళ్ళు తోసినా కారు కదల్లేదు. మాధవీలత గారు సంతకం పెట్టింది. "పాస్. ఆ మూట మాత్రం తీసెయ్యండి" అని, వెళ్ళబోతూ ఆగింది. "తేజా కాయే కదా? మంచి ఘాటుంది. యార్డులో ఏ కొట్లో కొన్నారు?"

నల్లపాడు చేరగానే హయాత్ కారు దిగి, నిమ్మకాయ ముక్కు దగ్గర పెట్టుకుని వాకిట్లో కుర్చీలో వాలిపోయాడు. రసూల్‌బీ టీ తెచ్చి ఎలీషాకిచ్చింది.

"వీడేంటమ్మా, దిష్టి నిమ్మకాయను వాసన చూస్తున్నాడు?"

"దిష్టి ఏంటన్నా! ఈయనకి కారు పడదు. ఎక్కితే కడుపులో తిప్పుతుంది. రోజూ వాంతి రాకుండా అది వాసన చూసుకుంటూ పోతాడు. అందుకేగా ముప్పై దాటడు."

ఎలీషా టీ గ్లాసు కింద పెట్టాడు. "మరి ఎందుకు కొన్నాడు?"

"నేనూ అదే అడిగా. ‘చిన్న బంతి ఇస్తే విసిరేశాడు, ఈసారి విసిరెయ్యలేనంత పెద్దది తేవాలి’ అన్నాడు."

ఎలీషా లేచాడు. షెడ్డు దగ్గరికి నడిచి, షట్టరు పూర్తిగా పైకి తోశాడు. లోపల పాత టైర్లు జరుపుతున్న చప్పుడు కొంచెంసేపు వినిపించింది. ఫోనులో ఆరాధనతో, "టిఫిన్లవాళ్ళని వేరే చోట చూసుకోమనమ్మా. ఇక్కడ పనుంది" అనడం వినిపించింది.

అప్పటికి హయాత్ తేరుకుని కారు వెనక చేరి చెవి ఒగ్గి వింటున్నాడు. "ఎలీషా, డిక్కీలో ఎవరో గురక..."

ఎర్ర రబ్బరు బంతి తిన్నగా వచ్చి ఆయన పొట్టకు తగిలింది. ఈసారి గజం తేడా లేదు, అంగుళం తేడా లేదు. హయాత్ పొట్ట పట్టుకుని బంతిని చూశాడు, తరువాత షట్టరు కింద నిలబడ్డ మనిషి చేతిని చూశాడు.

"కుడిచెయ్యేనా?"

"శుభం కదా, అందుకని. రేపటినుంచి కారు నేను నడుపుతా. నువ్వు పక్కన కూర్చుని నిమ్మకాయ చూసుకో."

హయాత్ భార్యవైపు తిరిగాడు. ఆవిడ పనున్నట్టు లోపలికి వెళ్ళిపోయింది.

"ఏరా" అన్నాడు ఎలీషా. "మూడు నెలలు దాచిన రహస్యం ఏమైంది? పోయిందా?"

హయాత్ బంతి తీసి, తువ్వాలుతో దుమ్ము తుడిచాడు.

"పోలేదు" అన్నాడు. "అలిగి మీ ఇంటికొచ్చింది."